గడీ నీడలో టామ్ మామ

అనుకున్నది మూడు నాలుగు వారాలు. సాగింది పది నెలలు!

1851 జూన్‌లో వాషింగ్టన్ నుంచి వెలువడే 'నేషనల్ ఎరా' వారపత్రికలో ఒక సీరియల్ మొదలైంది. రాస్తున్నది హేరియట్ బీచర్ స్టోవ్. తండ్రి మతబోధకుడు, భర్త మతశాస్త్ర ఆచార్యుడు. ఇంటి నిండా పిల్లలు. వంటా వార్పూ చూసుకుంటూ, మధ్యలో దొరికిన కాస్త సమయంలో రాసేది. రెండేళ్ల కిందట, 1849లో, ఏడాదిన్నర కొడుకును కలరా ఎత్తుకుపోయింది. బిడ్డను అంగట్లో అమ్మేస్తుంటే బానిస తల్లి కడుపు ఎంత రగులుతుందో ఆ చావు దగ్గరే తనకు తెలిసిందని తర్వాత ఆమె చెప్పుకుంది.

ఆ సీరియలే 1852 మార్చిలో పుస్తకమైంది. పేరు 'అంకుల్ టామ్స్ క్యాబిన్'. మొదటి ఏడాదిలోనే అమెరికాలో మూడు లక్షల ప్రతులు పోయాయి.

కథ అందరికీ తెలిసిందే అనుకుంటాం గానీ, చాలామందికి తెలిసింది పేరు మాత్రమే. కెంటకీలో షెల్బీ అనే యజమాని అప్పుల్లో పడతాడు. అప్పు తీర్చడానికి ఇద్దరిని అమ్మకానికి పెడతాడు. ఒకరు నమ్మకస్తుడైన టామ్, రెండోది ఎలైజా అనే ఆమె కొడుకు. ఎలైజా రాత్రికి రాత్రి బిడ్డను చంకనేసుకుని పారిపోతుంది. వెనక తరుముకొస్తున్నారు, ముందు ఒహాయో నది. నది మీద తేలుతున్న మంచు దిమ్మల మీది నుంచి ఒక్కో దిమ్మే దూకుతూ అవతలి ఒడ్డు చేరుతుంది. టామ్ మాత్రం పారిపోడు. చేతులు మారి మారి చివరకు లెగ్రీ అనే కర్కోటకుడి పత్తి తోటలో తేలతాడు. పారిపోయిన ఇద్దరు ఆడవాళ్ల జాడ చెప్పమంటే చెప్పడు. కొరడా దెబ్బలకు ప్రాణం వదులుతాడు.

తర్వాత జరిగింది చరిత్ర. 1861లో అంతర్యుద్ధం, 1865లో రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దు. ఇంత పెద్ద యుద్ధానికి కారణమైన చిన్న మనిషివి నువ్వేనా అని అధ్యక్షుడు లింకన్ ఆమెను అడిగాడంటారు. అడిగాడనడానికి గట్టి ఆధారం లేదు. అయినా తరతరాలుగా ఆ మాట చెప్పుకుంటూనే ఉన్నారు. ఒక నవల మీద జనానికున్న నమ్మకం అది.

మన దేశంలోనూ ఆ గాలి సోకింది. 1873లో పుణెలో జ్యోతిరావు ఫూలే రాసిన 'గులాంగిరీ' పుస్తకాన్ని ఎవరికి అంకితమిచ్చారో తెలుసా? నల్లవాళ్ల బానిసత్వాన్ని తొలగించిన అమెరికా ప్రజలకు!

మరి తెలుగులో? ఈ ప్రశ్నకు చాలామంది వెంటనే చెప్పే పేరు 'మాలపల్లి'. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో కూర్చుని రాసిన ఆ నవలను అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది కూడా. అయితే అది గుంటూరు సీమ కథ, తెల్లదొరల ఏలుబడి కథ. కృష్ణకు ఇవతల, నిజాం రాజ్యంలో, నల్లగొండ పాలమూరు జిల్లాల్లో బానిసత్వానికి ఇంకో ముఖం ఉంది. దాని కథ రాసినవాళ్లు వేరు. రాసిన సమయం కూడా వేరు. అసలు తిరకాసంతా ఆ సమయంలోనే ఉంది.

అంగడి లేదు, ధర లేదు

అమెరికా బానిసకు వెల ఉండేది. వేలం పాట ఉండేది, రసీదు ఉండేది. నల్లగొండలో ఇవేవీ లేవు. ఊరు ఊరంతా దొరకు పనిచేసేది, అంతే. దానికి పేరు వెట్టి.

దళితవాడ నుంచి ఇంటికొక మనిషి గడీకి పోవాలి. కట్టెలు కొట్టాలి, ఉత్తరాలు పక్క ఊరికి మోయాలి. పిలిస్తే అర్ధరాత్రయినా లేవాలి. చెప్పులు కుట్టేవారు చెప్పులూ, బావికి మోట తొండమూ ఊరికే ఇవ్వాలి. చాకలి బట్టలుతకడంతో సరిపోదు, గడీలో అంట్లు తోమాలి, పండగొస్తే పిండి విసరాలి. కుమ్మరి కుండలు, సాలె బట్ట, గౌండ్ల కల్లు, గొల్ల గొర్రెపిల్ల... అన్నీ గడీ గుమ్మంలోకి నడిచి రావాలి. తాలూకా నుంచి అధికారి వస్తే కోమటి దుకాణం నుంచి ఉప్పూ పప్పూ కూడా ఉచితమే. రైతు తన మడి నెర్రెలిస్తున్నా సరే ముందు దొర మడికి నీళ్లు పారాలి. పచ్చి బాలింతను కూడా నాట్లకు లాక్కుపోయేవారని ఆ తరం ఆడవాళ్లు చెప్పుకున్నారు.

ఇక అప్పు సంగతి. అక్కడ షెల్బీ చేసిన అప్పుకు టామ్ అమ్ముడుపోయాడు. ఇక్కడ తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతానికి కుదిరేవాడు. నాగుకు తెచ్చుకున్న గింజలు పంట మీద ఒకటికి ఒకటిన్నర కొలవాలి. కొలవలేకపోతే మనిషే కొలతలోకి వెళ్లిపోతాడు. దీన్నే భాగేలా అన్నారు. నిజాం ప్రభుత్వం 1936లో భాగేలా ఒప్పందాలను కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. చట్టం హైదరాబాద్‌లో ఉండిపోయింది, భాగేలా మాత్రం ఊళ్లోనే ఉంది. వెట్టి పోవాలని ఆంధ్ర మహాసభలు తీర్మానాలు చేస్తూనే వచ్చాయి. ఆ సభల్లో ఒకటి 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో, ఇంకొకటి 1936లో పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లో జరిగాయి.

దొర అంటే ఎంత దొర? విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద అరవై ఊళ్లు, నలభై వేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య లెక్క రాశారు. అలాంటి దొర ఎదుట ఊరి జనం పలికే మాట ఒకటుంది. 'నీ బాంచన్ కాల్మొక్త'. బాంచ అంటే దాసి. మగవాడైనా ఆడదైనా, ముసలైనా పిల్లాడైనా దొర ముందు నిలబడితే తనను తాను చెప్పుకునే పేరు అదే. ఇప్పటి సినిమాల్లో ఆ మాటను నవ్వించడానికి వాడుతున్నారు. థియేటర్లో నవ్వే కుర్రాళ్లకు దాని అర్థం ఎవరూ చెప్పలేదు మరి!

పుస్తకాల సంచి మోసిన మనిషి

ఈ బతుకును నవలలోకి తెచ్చింది నల్లగొండ బిడ్డే. నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో 1915 నవంబరు 1న పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి.

చిన్నప్పుడే తండ్రి పోయాడు. బడిలో పెద్దగా చదువుకున్నది లేదు. చదువు చెప్పే పంతులు ఇంట్లో వంట చేసిపెడుతూ నాలుగు అక్షరాలు నేర్చుకున్నారు. హోటల్లో సర్వర్‌గా చేశారు. తర్వాత హైదరాబాద్‌లో 'గోలకొండ పత్రిక'లో ప్రూఫులు దిద్దే పనికి కుదిరారు. ఆ పత్రికను నడిపింది పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవుల పద్యాలతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చిన మనిషి ఆయన. పాలమూరు సంపాదకుడి ప్రెస్సులో నల్లగొండ కుర్రాడు అక్షరాలు సరిచూడటం... రెండు జిల్లాల సాహిత్య చరిత్రలో ఇంతకంటే మంచి కలయిక ఇంకోటి కనిపించదు.

1938లో ఆళ్వారుస్వామి 'దేశోద్ధారక గ్రంథమాల' పెట్టారు. వేసిన పుస్తకాలు అమ్మిపెట్టేవాళ్లెవరు? ఆయనే! సంచిలో వేసుకుని, మోసుకుని, ఊరూరా తిరిగి చదివే మనిషిని వెతుక్కుని అమ్మారు. తెలుగు పుస్తకం చేతిలో ఉంటేనే అనుమానంగా చూసే రాజ్యంలో అది చిన్న పనేం కాదు. తర్వాత ఉద్యమం, జైలు. నిజామాబాద్ జైల్లో ఆయనకు తోడు దొరికింది యువకవి దాశరథి కృష్ణమాచార్య. ఆ స్నేహం ఎలాంటిదంటే, దాశరథి తన 'అగ్నిధార'ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు.

జైళ్ల నుంచి బయటపడ్డాక, 1950ల్లో వచ్చింది 'ప్రజల మనిషి'. దిమ్మెగూడెం అనే ఊరు, రామభూపాలరావు అనే దొర, ఎదురు తిరిగే కంఠీరవం అనే యువకుడు. వెట్టి, భూమి లాగేసుకోవడం, మత మార్పిళ్ల గొడవలు, గ్రంథాలయం పెట్టుకోవాలన్నా భయపడే రోజులు... అన్నీ అందులో ఉన్నాయి. తెలంగాణ రాజకీయ జీవితం మీద వచ్చిన తొలి నవలగా విమర్శకులు దీన్ని లెక్కిస్తారు. శిల్పం కోసం వెతికేవాళ్లకు అక్కడక్కడా ఉపన్యాసంలా అనిపించొచ్చు. స్టోవ్ నవలకూ ఆ పేరుంది. కానీ గడీ ముందు నిలబడ్డ మనిషి మోకాళ్లు ఎలా వణుకుతాయో తెలిసినవాడు రాసిన పేజీలు వేరు. ఇంటి చాకిరీ చేసి పెరిగిన ఆళ్వారుస్వామికి అది ఎవరూ చెప్పనక్కర్లేదు.

పాట ముందు, నవల వెనుక

ఇప్పుడు తిరకాసు దగ్గరికి వద్దాం. స్టోవ్ పుస్తకం యుద్ధానికి తొమ్మిదేళ్ల ముందు వచ్చింది. మన నవల పోరాటం ముగిశాక వచ్చింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు గానీ, ఊళ్లు కర్రలూ గుత్పలూ పట్టుకుని గడీల మీదకు వెళ్లినప్పుడు గానీ ఎవరి చేతిలోనూ నవల లేదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, 1951 అక్టోబరులో పోరాట విరమణ... ఆ తర్వాతే 'ప్రజల మనిషి'.

అంటే ఇక్కడ స్టోవ్ చేసిన పని ఎవరూ చేయలేదా? చేశారు. పుస్తకంతో కాదు, గొంతుతో.

నవల చదవాలంటే ముందు చదువు రావాలి. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో సాయంత్రం దీపం దగ్గర కుటుంబమంతా కూర్చుని ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు విన్నారు. నల్లగొండ పల్లెలో ఆ దీపం దగ్గర గొల్లసుద్దులు చెప్పారు. సుద్దాల హనుమంతు ఆ పాత కళారూపాన్ని తీసుకుని అందులో దొరను నిలబెట్టారు. పసులు కాసే జీతగాడైన ఓ పసివాడిని పలకరిస్తూ ఆయన కట్టిన పాట వినని తెలంగాణ మనిషి ఉండడు. ఒంటి మీద గుడ్డ సరిగా లేదు, కాలికి చెప్పు లేదు, బడికి పోవాల్సిన వయసు. ఆ పిల్లాడి గోడు విన్న తల్లులు ఏడ్చారు, తర్వాత కోపం తెచ్చుకున్నారు. ఎలైజా మంచు దిమ్మల మీద దూకుతుంటే అమెరికా తల్లులకు జరిగింది కూడా ఇదే కదా! అన్నట్టు, సినీ గీత రచయిత సుద్దాల అశోక్‌తేజ ఈ హనుమంతు కుమారుడే.

బుర్రకథలు తోడయ్యాయి. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకం తోడైంది. తెలంగాణ పోరు మీద ఉర్దూలో కిషన్ చందర్ 'జబ్ ఖేత్ జాగే' అనే నవల రాశారు. దాని ఆధారంగానే గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 'మా భూమి' సినిమా 1980లో విడుదలైంది. హనుమంతు పసుల కాపరి పాట కొత్త తరానికి చేరింది ఆ సినిమాతోనే.

పోరాటాన్ని లేపే పని పాట చేసేసింది. మరి వెనక వచ్చిన నవలకు మిగిలిన పనేమిటి? సాక్ష్యం చెప్పడం. గడీలు కూలాక దొరల వారసులు పట్నాలకు తరలిపోయారు. వెట్టికి రసీదు లేదని చెప్పుకున్నాం కదా, రికార్డూ లేదు. ఎవరి తాత ఎన్ని రోజులు ఊరికే చాకిరీ చేశాడో ఏ కచేరీ దస్త్రంలోనూ దొరకదు. రెండు తరాలు గడిస్తే 'అబ్బే, అంత లేదు' అనడం తేలిక. అంత ఉందని చెప్పే కాగితం ఈ నవలలే.

ఆడబాప

ఆళ్వారుస్వామి రెండో నవల 'గంగు' రాస్తూ రాస్తూ 1961 ఫిబ్రవరి 5న కన్నుమూశారు. నలభై అయిదేళ్ల వయసు. రాసినంత వరకే ఆ నవల తర్వాత అచ్చయింది.

ఆ దారిలో కలం పట్టింది జైలు మిత్రుడు దాశరథి తమ్ముడు రంగాచార్య. కుర్రతనంలో తానూ పోరాటంలో నడిచినవాడే. 1960ల చివర్లో ఆయన రాసిన 'చిల్లర దేవుళ్లు' ఆ తరం పాఠకులను కుదిపేసింది. నిజాం పెద్ద దేవుడైతే ఊళ్లలో దేశ్‌ముఖులు, కరణాలు చిల్లర దేవుళ్లన్నమాట! బతుకుదెరువు కోసం కోస్తా నుంచి వచ్చిన సంగీతగాడు సారంగపాణి కళ్లతో గడీని చూపిస్తారు. ఊరివాళ్లకు అలవాటైపోయిన ఘోరం కొత్తవాడి కంటికి ఘోరంగానే కనిపిస్తుంది. ఈ ఉపాయం వల్లే కృష్ణకు అవతలి పాఠకులు కూడా మొదటిసారి గడీ లోపలికి వెళ్లగలిగారు. పాత్రలు అచ్చమైన తెలంగాణ యాసలో, ఉర్దూ కలగలిసిన మాటల్లో మాట్లాడతాయి. అప్పటి పత్రికల భాషకు అలవాటుపడ్డవాళ్లకు అదీ ఓ దెబ్బే. నవలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, సినిమా కూడా తీశారు.

కానీ ఆ నవల చదివినవాళ్లకు అన్నింటికంటే గుర్తుండిపోయే మాట 'ఆడబాప'. దొర బిడ్డ పెళ్లయి అత్తారింటికి పోతుంటే చీరలు, నగలు, పశువులతో పాటు ఒక ఆడపిల్లను కూడా పంపేవారు. ఆమెకు పెళ్లి లేదు, ఇల్లు లేదు. పగలు దొరసానికి సేవ. రాత్రి దొర ఇష్టం, వచ్చిన చుట్టం ఇష్టం. ఆమెకు పుట్టిన బిడ్డకు తండ్రి పేరు ఉండదు. ఆ బిడ్డా గడీ సొత్తే. ఇక్కడ అంగడి లేదని పైన అనుకున్నాం. అంగడి లేకపోయినా మనిషిని వస్తువులా చేతులు మార్చడం ఉంది, కట్నం పేరుతో.

ఎవరి కథ, ఎవరి గొంతు?

'అంకుల్ టామ్' అనే మాట ఇప్పుడు అమెరికాలో తిట్టు. తెల్లవాడి ముందు తలొంచే నల్లవాడిని అలా అంటారు. టామ్ నిజానికి తలొంచలేదు, ఆడవాళ్ల జాడ చెప్పకుండా చచ్చిపోయాడు. రంగస్థలం మీద వేసిన చౌకబారు నాటకాలు ఆ పాత్రను వంగిపోయిన ముసలాడిని చేశాయి. అయినా నల్లజాతి రచయితల అసలు అభ్యంతరం కొట్టేయదగ్గది కాదు. మా బాధను చూసి కన్నీళ్లు పెట్టుకున్న తెల్లామె రాసిన కథ అది, మా కథ కాదు అన్నారు. జేమ్స్ బాల్డ్విన్ 1949లోనే ఆ నవలను వ్యాసంలో చీల్చి చెండాడాడు.

మన నవలలకూ ఈ ప్రశ్న తగులుతుంది. కంఠీరవం వైష్ణవ కుటుంబం బిడ్డ. సారంగపాణి బయటి ఊరివాడు. వెట్టి చేసినవాళ్లు కథ నిండా ఉన్నారు గానీ కథను నడిపేది వాళ్లు కాదు. ఇది లోపమే, దాచి లాభం లేదు. అందుకే ఇంకో రెండు పుస్తకాల పేర్లు ఇక్కడ చెప్పి తీరాలి. ఒకటి, హైదరాబాద్‌లో ఆది హిందూ ఉద్యమం నడిపిన భాగ్యరెడ్డివర్మ రాసిన 'వెట్టి మాదిగ'. వట్టికోట నవలకు చాలా ముందే, 1930ల్లోనే, లోపలి మనిషి చెప్పిన లోపలి కథ. దాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. రెండోది 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర'. సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ గొంతుతో తామే చెప్పుకున్న సంగతులు. అందులో కల్పన లేదు, నాయకుడు లేడు. నవలల్లో ఏడుస్తూ కనిపించిన ఆడవాళ్లు ఇందులో నవ్వుతారు, తిడతారు, పార్టీని కూడా నిలదీస్తారు.

అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా పాలకుర్తిలో తన చేను పంట విసునూరు దొర పాలు కాకుండా కాపాడుకున్న చాకలి ఐలమ్మ 1985లో చనిపోయింది. 2024లో హైదరాబాద్ కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. దొర అంట్లు తోమాల్సిన కులంలో పుట్టిన మనిషి పేరు ఇప్పుడు డిగ్రీ పట్టాల మీద ఉంటోంది.

చట్టంలో మన మాటలు

1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. ఢిల్లీలో చేసిన ఆ చట్టంలో కట్టుబానిస విధానానికి దేశంలో ఎక్కడెక్కడ ఏమేం పేర్లున్నాయో ఓ పెద్ద జాబితా ఇచ్చారు. వెట్టి, భాగేలా, జీత, పాలేరు... మన ఊళ్లలో వినిపించే నాలుగు మాటలు అందులో కనిపిస్తాయి. తెలుగు మాటలు ఢిల్లీ చట్టంలోకి ఎక్కడం గర్వించే విషయం కాదనుకోండి!

గడీ పోయింది గానీ అప్పు పోలేదు. దాన్ని పాలమూరు చూసింది. వానలు లేక, చేను పండక, మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు పుచ్చుకుని కుటుంబాలకు కుటుంబాలే తట్టాబుట్టా సర్దుకుని లారీలెక్కాయి. దేశంలో ఏ మూల డ్యాం కడుతున్నా, కాలువ తవ్వుతున్నా 'పాలమూరు లేబర్' ఉండాల్సిందే. అడ్వాన్సు తీరేదాకా మనిషి మేస్త్రీ వాడే. మధ్యలో వస్తానంటే కుదరదు, తల్లి చనిపోయినా సరే. వలస కూలీల రక్షణకు 1979లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. ఇటుక బట్టీల్లో అడ్వాన్సుకు చిక్కుకున్న కుటుంబాలను అధికారులు విడిపించారన్న వార్తలు ఆ తర్వాత కూడా ఈ పత్రికల జిల్లా పేజీల్లో వస్తూనే ఉన్నాయి. విడిపించినప్పుడు చేతికి ఒక విడుదల పత్రం ఇస్తారు. తాతలకు లేని కాగితం అది.

'ప్రజల మనిషి', 'గంగు', 'చిల్లర దేవుళ్లు' పలుమార్లు పునర్ముద్రణ పొందాయి. పుస్తక ప్రదర్శనల్లో దొరుకుతాయి, జిల్లా గ్రంథాలయాల్లోనూ అడగొచ్చు. చదివేటప్పుడు నాగు, మోట తొండం, ఆడబాప లాంటి మాటల దగ్గర పిల్లలు ఆగుతారు. ఇంట్లో ఎనభై దాటిన అవ్వో తాతో ఉంటే ఆ మాట వాళ్లను అడగమనండి. నవలలో లేని పేజీలు వాళ్ల దగ్గర ఇంకా ఉన్నాయి.